గొట్టం కథ: వైద్యుడి చేతి నుంచి మన చేతికి

ఈ పూట నేను చెప్పబోయేది భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం కాదు. ఎవరైనా కంచం ముందు కూర్చుని ఉంటే ముందు తినేయండి, తర్వాత తీరిగ్గా వినండి.

విషయం మూత్రం. సరిగ్గా చెప్పాలంటే మూత్రం రాకపోవడం. మన ఊళ్ళలో ‘మూత్రం బందైంది’ అంటారు, ‘బిగబట్టింది’ అంటారు. డాక్టర్లు యూరినరీ రిటెన్షన్ అంటారు. మూత్రాశయం నిండుతుంది, కానీ ఖాళీ అవదు. ప్రోస్టేటు పెరగడం వల్ల రావచ్చు, ఏళ్ళ తరబడి ఉన్న చక్కెర జబ్బు వల్ల రావచ్చు, వెన్నుపాముకి దెబ్బ తగలడం వల్ల రావచ్చు. అలాగే వదిలేస్తే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోతే ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నేను వైద్యుణ్ణి కాదు. దోహాలో ఉండే ఐటీ కన్సల్టెంట్‌ని. నాలుగేళ్ళ క్రితం నడుములో డిస్కు జారి, వెన్నుపాము చివర గుర్రపుతోక లాగా ఉండే నరాల కట్టని నొక్కేసింది. ఆపరేషన్ తర్వాత కాళ్ళలో బలం తిరిగొచ్చింది, మూత్రాశయంలో మాత్రం రాలేదు. అప్పట్నించీ రోజుకి ఐదుసార్లు నా చేత్తో నేనే ఒక సన్నని గొట్టం మూత్రనాళంలోకి పంపి, మూత్రం తీసేసి, గొట్టం బయటికి తీసేస్తాను. దీన్ని క్లీన్ ఇంటర్మిటెంట్ సెల్ఫ్ క్యాథెటరైజేషన్ అంటారు. పేరు పెద్దదే గాని పని ఐదు నిమిషాలది.

పని అలవాటయ్యాక నాకో సందేహం వచ్చింది. ఇంత తేలికైన పనిని రోగి చేతికి ఎప్పుడిచ్చారు? అంతకు ముందు నాలాంటి వాళ్ళు ఏమయ్యేవారు? వెతుకుతూ పోతే జవాబులో చాలా భాగం నా బ్యాగులో ఉన్న ప్యాకెట్ మీదే కనిపించింది. ఆ ప్యాకెట్‌నే చదువుతూ ఈ కథ చెబుతాను.

ముందు ఆ వస్తువు పేరు చూద్దాం. కాథెటర్ అన్నది గ్రీకు మాట, కిందికి దించేది అని అర్థం. ఇక్కడ ఖతర్‌లో అరబ్బీలో ‘ఖస్తరా’ అంటారు. గుండెకి చేసే పరీక్షకీ ఇదే మాట వాడతారు. ఆ ఖస్తరా కూడా గ్రీకు మాట నుంచి వచ్చిందే. గ్రీకు వైద్య గ్రంథాలు అరబ్బీలోకి అనువాదమైనప్పుడు వస్తువుతో పాటు పేరూ వచ్చేసింది.

మాట గ్రీకుదే కాని గొట్టం ఒక్కరి సొత్తు కాదు. మన సుశ్రుత సంహితలో నిరుద్ధప్రకశం అనే జబ్బుకి, అంటే ముందు చర్మం బిగుసుకుపోయి మూత్రధార సన్నబడే జబ్బుకి, రెండు వైపులా తెరుచుకున్న గొట్టానికి నెయ్యి రాసి లోపల పెట్టమని ఉంది. ఆ గొట్టం ఇనుముది గాని, కర్రది గాని, లక్కది గాని కావచ్చు. మూడు రోజులకోసారి ఇంకాస్త లావు గొట్టం వాడమన్నారు. ఇవాళ మనం వాడే జెల్లీ పని ఆనాడు నెయ్యి చేసేదన్నమాట. రోములో మొదటి శతాబ్దంలో సెల్సస్ అనే రచయిత కంచు గొట్టాల కొలతలు రాశాడు. మగవాళ్ళకి మూడు సైజులు, ఆడవాళ్ళకి రెండు. క్రీస్తు శకం 79లో బూడిద కింద కప్పుబడిపోయిన పాంపే నగరపు తవ్వకాల్లో అలాంటి కంచు గొట్టాలు నిజంగానే దొరికాయి.

అరబ్బీ వైద్యులు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. స్పెయిన్‌లోని కార్డోబాలో ఉన్న అల్ జహ్రావి, సుమారు క్రీస్తు శకం 1000 నాటి తన 30 భాగాల వైద్య గ్రంథంలో, సన్నగా నునుపుగా ఉండే వెండి గొట్టాన్ని వర్ణించాడు. 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా, పాశ్చాత్యులు అవిసెన్నా అని పిలిచే ఆయన, గొట్టం మెత్తగా ఉండి వంగాలన్నాడు. మొన మొద్దుగా ఉండాలన్నాడు. పక్కన రంధ్రాలుండాలని, ఒకటి పూడుకుపోతే ఇంకొకటి పనిచేస్తుందని చెప్పాడు. లోపల వాపు ఉన్నప్పుడు గొట్టం వెయ్యొద్దని హెచ్చరించాడు కూడా. నా ప్యాకెట్లో ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూస్తే మొన గుండ్రంగా ఉంటుంది, పక్కన రెండు కళ్ళుంటాయి. వెయ్యేళ్ళయినా ఆ రూపం పెద్దగా మారలేదు.

అయితే ఒకటి గమనించండి. సుశ్రుతుడైనా, సెల్ససైనా, ఇబ్న్ సీనా అయినా వీళ్ళంతా రాసింది వైద్యుడి కోసం. గొట్టం పట్టుకునే చెయ్యి వైద్యుడిది, పడుకుని ఉండే ఒళ్ళు రోగిది.

ఇక ప్యాకెట్ మీద రెండో ముద్ర, ‘నెలటాన్’. మన హైదరాబాదు మందుల షాపులోనూ ఈ పేరుతోనే ఇస్తారు. నేను మొదట్లో ఇది కంపెనీ పేరనుకునేవాణ్ణి. ఇది పారిస్ సర్జన్ ఒగుస్త్ నెలటాన్ పేరు. 1862లో ఇటలీ వీరుడు గారిబాల్డీ కాలిలో తూటా ఉందో లేదో తేల్చడానికి పింగాణీ మొన ఉన్న సలాక తయారుచేసిన ఆయనే ఈయన. అమెరికాలో గుడ్‌ఇయర్ రబ్బరుని గట్టిపరిచే పద్ధతికి 1844లో పేటెంట్ తీసుకున్నాక, ఆ రబ్బరుతో మెత్తని గొట్టం చేయించి వాడుకలోకి తెచ్చింది నెలటాన్. లోహపు గొట్టం నొప్పికి, గాయాలకి పెట్టింది పేరు. అంతకు వందేళ్ళ ముందే, 1752లో, అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మూత్రంలో రాళ్ళతో బాధపడుతున్న తన అన్న జాన్ కోసం వంగే వెండి గొట్టం ఒకటి చేయించి, ఎలా వాడాలో ఉత్తరం రాసి పంపాడు. పిడుగుల మీద ప్రయోగాలు చేసిన మనిషి అన్న బాధ చూసి కంసాలి దగ్గర కూర్చున్నాడంటే, ఆ బాధ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

మూడో ముద్ర ‘సి.హెచ్. 14’. గొట్టం చివర ఆకుపచ్చ రంగు ఉంటుంది. సి.హెచ్. అంటే షారియేర్, పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసిన పనివాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆయన పెట్టిన కొలత ఇది. గొట్టం లావు మిల్లీమీటర్లలో ఎంతో దాన్ని మూడుతో గుణిస్తే ఈ అంకె వస్తుంది. 12 అంటే 4 మిల్లీమీటర్లు, తెల్ల రంగు. 14 అంటే నాలుగున్నర కన్నా కొంచెం ఎక్కువ, ఆకుపచ్చ. 16 అయితే నారింజ. దోహాలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా అంకె అదే. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరముంటే ఆ అంకె రాసి పెట్టుకోండి, ఊరు మారినప్పుడు పనికొస్తుంది.

నాలుగో ముద్ర ‘స్టెరైల్’, అంటే సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసినది అని. కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో ఎక్కువ మంది కొద్ది వారాల్లోనే చనిపోయారు. వాళ్ళని చంపింది వెన్ను గాయం కాదు, పడక పుళ్ళు, మూత్రపు ఇన్ఫెక్షన్. 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలే బెలూన్ ఉన్న గొట్టాన్ని తెచ్చాడు. లోపల బెలూన్ ఉబ్బితే గొట్టం జారిపోదు, చివర సంచి తగిలిస్తే మూత్రం దానంతట అదే కారుతుంది. మన ఆసుపత్రుల్లో ‘పైపు వేశారు’ అనేది దీన్నే. ఆపరేషన్ రోజుల్లో అది వరమే. కాని నెలల తరబడి లోపలే ఉంటే ఆ గొట్టమే సూక్ష్మజీవులకి నిచ్చెన అవుతుంది.

1940లలో యాంటీబయాటిక్స్ వచ్చాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకి సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. మందులొచ్చినా గొట్టం మీద భయం పోలేదు. 1958లో పాల్ బీసన్ అనే అమెరికన్ వైద్యుడు ‘గొట్టం మీద అభియోగం’ అన్న అర్థం వచ్చే శీర్షికతో సంపాదకీయం రాశాడు. తప్పనిసరైతే తప్ప గొట్టం వెయ్యకండన్నది దాని సారాంశం.

మరి మూత్రం రానివాడు ఏం చెయ్యాలి? ఇంగ్లండులో లుడ్విగ్ గుట్‌మన్ ఒక దారి చూపాడు. నాజీల నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరిన యూదు డాక్టరు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం మొదలుపెట్టాడు. గొట్టాన్ని లోపల ఉంచెయ్యకుండా, కొన్ని గంటలకోసారి వేసి తీసేసేవారు. కాని ఆపరేషన్ థియేటర్లో ఉన్నంత శుద్ధితో, చేతి తొడుగులు, మాస్కులు వేసుకుని చేసేవారు. 1966లో గుట్‌మన్, ఫ్రాంకెల్ కలిసి 476 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. చాలా మంచి ఫలితాలవి. 1948లో ఇదే గుట్‌మన్ తన ఆసుపత్రి మైదానంలో చక్రాల కుర్చీ రోగులకి పెట్టిన ఆటల పోటీలే పారాలింపిక్స్‌కి మూలం. 2015లో మన దోహాలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలు జరిగాయి కదా, ఆ ఆటలకీ ఈ గొట్టానికీ ఉన్న బంధుత్వం అది.

గుట్‌మన్ పద్ధతిలో ఒక చిక్కుంది. అంత శుద్ధి ఇంట్లో ఎలా సాధ్యం? రోగి జీవితాంతం ఆసుపత్రిని అంటిపెట్టుకునే ఉండాలా?

ఈ ముడి విప్పినవాడు జాక్ లాపిడెస్, మిషిగన్ విశ్వవిద్యాలయంలో యూరాలజిస్టు. 1971లో తోటి వైద్యుల సమావేశంలో చెప్పి, 1972లో ప్రచురించాడు. ఆయన తర్కం ఇది. మూత్రాశయం అతిగా ఉబ్బితే దాని గోడల్లో రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం సరిగ్గా అందని గోడకి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అప్పుడే సూక్ష్మజీవులు గెలుస్తాయి. మూత్రాశయాన్ని ఉబ్బనివ్వకుండా వేళకి ఖాళీ చేస్తూ ఉంటే, గొట్టంతో పాటు నాలుగు సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళినా శరీరమే వాటి సంగతి చూసుకుంటుంది. అందుకని తొడుగులు అక్కర్లేదు, మాస్కులు అక్కర్లేదు. సబ్బుతో చేతులు కడుక్కో, శుభ్రమైన గొట్టం తీసుకో, వేళ తప్పకు. నీ పని నువ్వే చేసుకో.

స్టెరైల్‌గా లేని గొట్టం వెయ్యడమంటే ఆ కాలపు డాక్టర్లకి మింగుడు పడే మాట కాదు. అయినా ఫలితాలు లాపిడెస్ వైపే నిలిచాయి. ఆ వ్యాసం రాసిన నలుగురిలో ఇద్దరి పేర్లు నాకు ప్రత్యేకం. ఒకరు అనానియాస్ డియోక్నో, ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్ళిన యువ వైద్యుడు. ఇంకొకరు బెట్టీ లో, నర్సు. దోహా ఆసుపత్రుల్లో మనకి సూది వేసేది, మందు ఇచ్చేది ఎక్కువగా ఫిలిప్పీన్స్ వాళ్ళు, కేరళ వాళ్ళే కదా. నాకు ఈ పని నేర్పింది కూడా ఇక్కడి ఒక ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ సిస్టరే. ఒక చోట గొట్టం ఆగుతుంది. ‘అక్కడ బలవంతం చెయ్యకండి, ఊపిరి నెమ్మదిగా వదలండి, కండరం తనే వదులుతుంది’ అని ఆవిడ చెప్పిన మాట ఇప్పటికీ రోజూ గుర్తొస్తుంది. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది, ఒళ్ళంతా చెమట. రెండో వారానికి పది నిమిషాలైంది. రెండో నెలకి ఆఫీసులో మీటింగుకీ మీటింగుకీ మధ్య అయిపోయేది.

ఈ నేర్చుకోవడంలో చేతి పని కన్నా కష్టమైంది వేళ పాటించడం. మామూలుగా మూత్రాశయమే మనకి వేళ చెబుతుంది. నాకు ఆ కబురు రాదు, గడియారం చెప్పాలి. సాధారణంగా రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు, ఒక్కోసారికి 400, 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోమంటారు. హైదరాబాదు విమానం ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి. పెళ్ళిళ్ళలో పీటల మీద కూర్చునే ముందు ఒకసారి.

ఇక్కడి ఎండ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళు తాగితే వెళ్ళాల్సొస్తుందని తాగడమే మానేసేవాళ్ళుంటారు. అది ప్రమాదం. మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్లు, రాళ్ళు రెండూ వస్తాయి. ఖతర్‌లో ఎండాకాలపు మధ్యాహ్నాలు బయట పని చెయ్యకూడదన్న నియమం 2007 నుంచి ఉంది. 2021లో దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పెంచారు. ఆ విరామం నీడ కోసమే కాదు, నీళ్ళు తాగడానికీ, లేచి వెళ్ళి రావడానికీ అని మన పనివాళ్ళకి చెప్పండి.

పనివాళ్ళ మాట వచ్చింది కాబట్టి ప్యాకెట్ మీద ఆఖరి ముద్రకి వద్దాం. గుండ్రంలో రెండు అంకె, దాని మీద అడ్డగీత. రెండోసారి వాడొద్దు అని అర్థం. చెప్పడం తేలికే. రోజుకి ఐదంటే నెలకి నూట యాభై గొట్టాలు. అమెరికాలోనే ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ 2008 దాకా చాలామందికి నెలకి నాలుగు గొట్టాలకే డబ్బిచ్చేది, మిగతా రోజులు కడుక్కుని వాడుకోవాల్సిందే. 2008లో ఆ పరిమితిని 200 చేశారు. మన దేశంలో కడిగి వాడుకోవడం ఇప్పటికీ మామూలే. లాపిడెస్ మొదట్లో చెప్పింది కూడా శుభ్రమైన గొట్టం అనే గాని ప్రతిసారీ కొత్త గొట్టం అని కాదు. ఎన్నిసార్లు, ఎలా కడగాలి అన్నది మాత్రం ఎవరికి వారు తమ డాక్టర్నే అడగాలి.

జగిత్యాల వైపు ఆయన ఒకాయన ఇక్కడ నిర్మాణ పనిలో పరంజా మీంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. సంచితో ఇంటికి పంపారు. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. ఫోన్లో నాతో ఒకే మాట అనేవాడు. ‘బిడ్డ పెండ్లిల ఈ సంచి పట్టుకొని ఎట్ల కూసోవాలె తమ్మీ?’ చేతులు బాగానే పనిచేస్తున్నాయి కదా, మీ డాక్టర్ని అడగమన్నాను. హైదరాబాదులో పరీక్షలు చేసి, ఇంటికి పంపేముందు వారం రోజులు నేర్పారు. పెళ్ళికి చక్రాల కుర్చీలో కూర్చుని కాళ్ళు కడిగాడు. పక్కన సంచి లేదు. ఇప్పుడాయన గొట్టాలు డాక్టరు చెప్పినట్టు కడిగి వాడుకుంటాడు, ఏ వేళకి ఎంత వచ్చిందో కూతురి పాత నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

ఇలాంటి విద్య నేర్పే చోట్లు మన దగ్గరికి ఊరికే రాలేదు. చిత్తూరు జిల్లాకి ఆనుకుని ఉన్న వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో తనే నడుము కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదివొచ్చి, 1966లో తెరిచిన పునరావాస కేంద్రానికి ప్రాణం పోశారు. చిత్తూరు, నెల్లూరు వైపు కుటుంబాలు తరతరాలుగా వైద్యానికి వెల్లూరే వెళతాయి. ఖతర్‌లో 1957లో రుమైలా ఆసుపత్రి, 1982లో హమద్ జనరల్ ఆసుపత్రి మొదలయ్యాయి. తర్వాత ప్రత్యేక పునరావాస సంస్థ కూడా వచ్చింది. అడిగితే నేర్పేవాళ్ళున్నారు. అడగాల్సిన నోరే సిగ్గుతో మూసుకుపోతుంది.

ఆ సిగ్గే ఈ కథలో మిగిలిన ముడి. ఈ గొట్టం తయారవడానికి వేల ఏళ్ళు పట్టలేదు, అది ఎప్పుడో ఉంది. రోగి తన ఒంటి పని తను శుభ్రంగా చేసుకోగలడని నమ్మడానికే అన్నేళ్ళు పట్టింది. లాపిడెస్ ఆ నమ్మకం ఇచ్చి ఐదు దశాబ్దాలు దాటింది. మన ఇళ్ళలో మాత్రం నాన్నకి పైపు వేశారని గుసగుసగా చెప్పుకుని, ఆ పైపు తీసే దారి ఉందా అని డాక్టర్ని అడగం.

అందరికీ ఇది కుదురుతుందని నేననడం లేదు. చేతులు వణికేవాళ్ళున్నారు, చూపు సరిగ్గా ఆననివాళ్ళున్నారు, నాళం బిగుసుకుపోయినవాళ్ళున్నారు. వాళ్ళకి ఇంట్లోవాళ్ళు చెయ్యొచ్చు, లేదా వేరే మార్గం డాక్టరే చెబుతారు. చలిజ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పడినా, గొట్టం అసలు పోకపోయినా ఇంట్లో ప్రయోగాలు చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కాని మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి సంచితో ఉంటే, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ‘ఇది మేమే వేసి తీసుకోవచ్చా’ అని ఒక్క ప్రశ్న అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో అడిగి తెలుసుకోండి.

వచ్చేవారం ఇదే సమయానికి ఇంకో మిత్రుడు మరో విషయంతో మీ ముందుకొస్తారు. సెలవు.